పాచికల్లోంచి పుట్టిన నవల

కిందటి వేసవి సెలవుల్లో మా బెంగళూరు ఇంటి హాల్లో పెద్ద తగాదా జరిగింది. మా మనవడూ, పక్కవాటాలోని కన్నడ కుర్రాడూ కలిసి ఓ నోటుపుస్తకంలో కథ వ్రాస్తున్నారు. ఆదివారం ఆదివారం నలుగురు పిల్లలు చేరి పాచికలు వేసుకుంటూ ఆడే ఓ ఆట ఉంది. ఆ ఆటలో జరిగిందే వీళ్ళ కథ. హఠాత్తుగా మావాడు ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చి, "తాతా! వాడు నా వీరుణ్ణి చంపేశాడు" అన్నాడు.

రెండోవాడు వెనకాలే వచ్చాడు. "నేను చంపలేదు తాతా, పాచిక చంపింది. ఒకటి పడింది!"

"ఆటలో చచ్చాడు, సరే. కథలో ఎందుకు చావాలి?" అని మావాడు.

నేను తీర్పు చెప్పలేకపోయాను. భారతంలో పాచికల వల్ల రాజ్యం పోయిన కథ తెలుసుగానీ, పాచికల వల్ల భారతమే మారిపోయే సంగతి నాకు కొత్త. ఈ ప్రశ్నకు ఇదివరకు ఎవరైనా జవాబు చెప్పారా అని వెతుక్కుంటూ పోతే, నలభై ఏళ్ళ కిందట అమెరికాలో ఇద్దరు కలిసి వ్రాసిన ఓ నవలల వరుస దొరికింది. దాని పేరు 'డ్రాగన్‌లాన్స్'. వ్రాసినవారు మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్. (ట్రేసీ అనగానే ఆవిడ అనుకునేరు, ఆయన మగవాడే. నేనూ మొదట పొరబడ్డాను.)

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాని కర్తలు. అంటే ఆట కూడా ఇద్దరి సృష్టే! ఇందులో చదరంగంలా గెలుపూ ఓటమీ లేవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు మనలాగా ఊఁ కొడుతూ కూర్చోరు, కథలో తలో పాత్రా అయిపోతారు. "మీరు గుహలోకి వెళ్ళారు, లోపల ఏదో కదిలింది, ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. "కత్తి దూస్తాను" అంటాడు ఒకడు. దూసిన కత్తి తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎవరి బలం ఎంత, తెలివి ఎంత అన్నది కాగితం మీద అంకెల్లో ఉంటుంది. ఇంతే ఆట. మన పిల్లలు చెడిపోతారేమో అని బెంగపడే తల్లిదండ్రులకు ఓ మాట: నేను చూసినంతలో ఇందులో ప్రమాదమల్లా భోజనానికి పిలిస్తే లేవకపోవడమే.

ఈ ఆటను అమ్మే కంపెనీ టి.ఎస్.ఆర్. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో ఉండేది. హిక్‌మన్ది యూటా రాష్ట్రం. భార్య లారా, పిల్లలు, చేతిలో డబ్బు మాత్రం లేదు. భార్యాభర్తలిద్దరూ ఇంట్లో ఆడుకోవడానికి కల్పించుకున్న ఆటకథలను ఆ కంపెనీకి అమ్మజూపారు. పిల్లలకు చెప్పులు కొనడానికి అమ్మామని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కథలు కొనడం కంటే మనిషినే ఉద్యోగంలో పెట్టుకోవడం నయమనుకుంది కంపెనీ. అలా 1982లో సంసారాన్ని కారులో వేసుకుని రెండువేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేశారు. ఆ దారిలోనే మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటూ డ్రాగన్లు యుద్ధం చేసే ఓ లోకాన్ని అల్లారు. వాళ్ళు చేరేసరికి కంపెనీవారి సమస్య కూడా అదే! ఆట పేరులో డంజన్లూ ఉన్నాయి, డ్రాగన్లూ ఉన్నాయి గానీ, అచ్చువేసిన ఆటకథల్లో అన్నీ డంజన్లే, డ్రాగన్లు బహు తక్కువ. హిక్‌మన్ ఆలోచన వాళ్ళకు నచ్చింది. ఆటకథల వరుస ఒకటి, దానితోపాటు నవలలు కొన్ని తేవాలని నిర్ణయమైంది.

నవలలు వ్రాసే పని మొదట వీళ్ళకు ఇవ్వలేదు. బయటి రచయిత ఒకరికి అప్పజెప్పారు. మార్గరెట్ వైస్ 1983లో పుస్తకాల విభాగంలో ఎడిటర్‌గా చేరింది. మిస్సౌరీలో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే సాహిత్యం చదువుకుని, ఓ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దిన మనిషి. ఈ నవలలకు సంపాదకత్వం ఆమె పని. బయటినుంచి వచ్చిన వ్రాత ఆమెకూ నచ్చలేదు, హిక్‌మన్‌కూ నచ్చలేదు. అప్పటికే ఆ పాత్రలు ఇద్దరికీ ఇంట్లో మనుషులైపోయారు. మన పిల్లల్ని పరాయివాళ్ళు పెంచుతుంటే చూడలేనట్టు, ఓ శని ఆదివారాల్లో ఇద్దరూ కూర్చుని మొదటి ఐదు అధ్యాయాలూ తామే వ్రాసి, సోమవారం పైఅధికారి జీన్ బ్లాక్ ముందు పెట్టారు. ఆమె చదివి, పని వీళ్ళకే ఇచ్చింది. అడక్కుండా వ్రాసుకొచ్చిన గుమస్తాలకు మన ఆఫీసుల్లో ఏమి జరుగుతుందో మనకు తెలుసు కాబట్టి, ఆ జీన్ బ్లాక్ గారికి ఇక్కడినుంచే ఓ నమస్కారం.

మొదటి నవల 'డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్' 1984 చివర వచ్చింది. 1985లో మిగతా రెండూ వచ్చి మూడు పుస్తకాల కథ పూర్తయింది. లక్షల కొద్దీ ప్రతులు అమ్ముడుపోయాయి.

ఇద్దరూ ఎలా పంచుకున్నారు? స్థూలంగా, లోకమూ కథా మలుపులూ అల్లడంలో హిక్‌మన్ చెయ్యి ఎక్కువ, వాక్యం వ్రాయడంలో వైస్ చెయ్యి ఎక్కువ. నడుమనడుమ వచ్చే పాటలూ పద్యాలూ మైకేల్ విలియమ్స్ అనే మూడో మనిషివి. మనకు జంటకవులు కొత్తా? పదిహేనో శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ అనే మేనమామా మేనల్లుళ్ళు కలిసి కావ్యాలు చెప్పారు. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రి గారు 1920లో పోయాక కూడా, చెళ్ళపిళ్ళ వారు జంట పేరు వదలలేదు. అయితే మన జంటల్లో ఏ పద్యం ఎవరిదో తెలియకపోవడమే అందం. ఇక్కడ పని వాటాలు వేరు. ఒకరు ఇంటికి ప్లాను గీస్తే, ఇంకొకరు అందులో కాపురం పెట్టారు.

ప్లాను గీసినంత మాత్రాన కాపురం సజావుగా సాగదు. ఆటకు ఉన్న అవసరాలు వేరు. ఆరేడుగురు ఆడాలంటే అందరికీ తలో వీరుడు కావాలి. కాబట్టి నవల మొదలయ్యేసరికే చెట్టుకొమ్మల మధ్య కట్టిన ఓ సత్రంలో ఎనిమిదిమంది పోగవుతారు. ఎవరెవరో గుర్తుపెట్టుకునేసరికి పాఠకుడికి చెమట పడుతుంది. తలుపు తెరిస్తే ఓ రాక్షసుడు, మెట్లు దిగితే ఇంకో రాక్షసుడు. ఆటలో అది సరదా. పుస్తకంలో కొంత విసుగే, నా మటుకు నాకు. మొదటి నవల చదువుతుంటే వెనకాల పాచికల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

కానీ అదే ఆట నియమాల్లోంచి వాళ్ళు మనుషుల్ని ఎలా తీశారో చూడండి. అప్పటి ఆటలో మాంత్రికుడు ప్రతి మంత్రమూ పొద్దున్నే కంఠస్థం చెయ్యవలసి వచ్చేది. ఒకసారి ప్రయోగిస్తే అది మనసులోంచి చెరిగిపోయేది. ఆట సమంగా సాగడానికి పెట్టిన కట్టుబాటు అది. నవలలో రైస్ట్‌లిన్ అనే మాంత్రికుడి దగ్గరికి వచ్చేసరికి అదే బాధ అయింది. ఒంట్లో సత్తువ లేదు, మంత్రం వేసిన ప్రతిసారీ దగ్గు, నెత్తురు. బంగారు రంగు చర్మం. ఇసుక గడియారం ఆకారంలో కంటిపాపలు. ఏది చూసినా వయసు మీరి వాడి చచ్చిపోతున్నట్టే కనిపిస్తుంది. పక్కనే వస్తాదులాంటి కవల సోదరుడు కారమన్, తమ్ముణ్ణి మోస్తూ. ఇంకో ముచ్చట ఏమిటంటే, మొదట ఆట ఆడి చూసినప్పుడు రైస్ట్‌లిన్ పాత్ర ధరించిన స్నేహితుడొకడు గొంతు తగ్గించి గరగరమని గుసగుసగా మాట్లాడాడట. ఆ గొంతే నవలలోకి వచ్చి కూర్చుంది. ఏ రచయితకూ ఒంటరిగా బల్ల ముందు కూర్చుంటే దొరికేది కాదది.

అలాగే ఆటలో 'దొంగ' ఒక వృత్తి. తాళాలు తీసేవాడొకడు ప్రతి బృందానికీ కావాలి. నవలలో వాడు టాసిల్‌హాఫ్ అనే పొట్టివాడయ్యాడు. వాడి జాతికి భయమూ లేదు, దొంగతనమన్న ఊహా లేదు. కంటికి నచ్చినది చేతికి వస్తుంది, చేతికి వచ్చినది సంచిలోకి పోతుంది, అంతే. అడిగితే "నువ్వు పారేసుకున్నట్టున్నావు, నేను దాచిపెట్టాను" అనే తరహా. వెన్నదొంగను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మనకు వాడు వెంటనే నచ్చుతాడు.

రెండో నవలకు వచ్చేసరికి జంట ధైర్యం చేసింది. ఆటకథల్ని వరుసగా నవల చెయ్యడం మానేశారు. పాతాళంలో మరుగుజ్జుల రాజ్యంలో జరిగే రెండు ఆటకథల సంగతుల్ని పూర్తిగా దాటేసి ముందుకు వెళ్ళిపోయారు. మంచుగోడ కోటలో జరిగిన పోరాటాన్నయితే ఓ పాటలో చెప్పి ఊరుకున్నారు. ఆ దాటేసిన భాగం పాఠకుల్ని ఎంత పీడించిందంటే, చివరికి 2006లో 'డ్రాగన్స్ ఆఫ్ ది డ్వార్వెన్ డెప్త్స్' అని దానికే ఓ నవల వ్రాయవలసి వచ్చింది. అయినా ఆ రోజు దాటెయ్యడమే మంచిదయింది. ఖాళీ అయిన చోట మనుషులకు చోటు దొరికింది.

ఇక మా మనవడి ప్రశ్నకు వస్తాను. ఆటలో చస్తే కథలో చావాలా?

కంపెనీవారి ఆటకథల్లో ఈ చిక్కుకు ఓ చమత్కారమైన నియమం పెట్టారు. కథకు ముందుముందు కావలసిన పాత్ర ఆటలో చచ్చే స్థితి వస్తే, ఆ చావు ఎవరి కంటా స్పష్టంగా పడకుండా చూడమన్నారు. లోయలో పడిపోవాలి, ఏట్లో కొట్టుకుపోవాలి, శవం దొరకకూడదు. అప్పుడు తర్వాత ఎక్కడో "బతికే ఉన్నాడు" అని తీసుకురావచ్చు. మన పాత సినిమాల్లో జలపాతంలో దూకిన హీరో గుర్తొస్తున్నాడా?

నవలలో మాత్రం రచయితలు దీనికి సరిగ్గా ఎదురు తిరిగారు. స్టర్మ్ అని ఓ యోధుడు. పాతకాలపు క్షత్రియ ధర్మాన్ని, ఎవరూ పాటించని రోజుల్లో, ఒక్కడే పట్టుకుని వేలాడే మనిషి. రెండో నవల చివర కోట గోడ మీద ఒంటరిగా నిలబడి, డ్రాగన్ మీద వచ్చిన శత్రుసేనానిని ఎదుర్కొంటాడు. ఆ వచ్చినది కిటియారా, ఒకప్పటి తన స్నేహితురాలు. కిందివాళ్ళు సిద్ధం కావడానికి కాస్త వ్యవధి కావాలి, ఆ వ్యవధి కోసం నిలబడ్డాడు. చచ్చిపోయాడు. ఇందులో ఏ చమత్కారమూ లేదు. శవం దొరికింది, స్నేహితులు ఏడ్చారు, మూడో పుస్తకంలో అతను తిరిగి రాలేదు. అదే వీరుడు ఏ ఇంట్లోనో భోజనాల బల్ల దగ్గర, ఏ కుర్రాడి పాచికో పన్నెండు పడి, హాయిగా బతికి ఉండవచ్చు. రెండూ నిజమే. ఆట కుర్రాడిది, కథ వీళ్ళది.

అయితే కథ నిజంగా వీళ్ళదేనా? ఇక్కడే నా మనసు చివుక్కుమంది. వీళ్ళు జీతానికి పనిచేసిన ఉద్యోగులు. ఆ లోకం కంపెనీ ఆస్తి. 1986లో రైస్ట్‌లిన్, కారమన్ల మీద 'లెజెండ్స్' అనే మరో మూడు నవలలు వ్రాశారు. వాటికి ఆటకథల కళ్ళెం లేదు, అందుకే నా లెక్కన అవే మెరుగు. తర్వాత ఇద్దరూ ఉద్యోగం వదిలి, సొంత లోకాలు కట్టుకుని, 1990 నుంచి 1994 దాకా 'డెత్ గేట్' అని ఏడు నవలల వరుస వ్రాశారు. ఈలోగా వాళ్ళు కన్న లోకంలో ఇతర రచయితలు వందకు పైగా నవలలు వ్రాశారు. 1997లో టి.ఎస్.ఆర్.ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ కొనేసింది. 1999లో దాన్ని హాస్‌బ్రో కొన్నది. స్టర్మ్, రైస్ట్‌లిన్ అందరూ సామానుతో పాటు చేతులు మారారు. కొత్త నవలల ఒప్పందం కంపెనీ మధ్యలో ఆపేసిందంటూ 2020 అక్టోబరులో ఈ జంట కోర్టుకెక్కింది. ఆ డిసెంబరులోనే దావా వెనక్కి తీసుకున్నారు. 2022లో 'డ్రాగన్స్ ఆఫ్ డిసీట్' వచ్చింది, 2024కల్లా మూడు పుస్తకాలూ పూర్తయ్యాయి. ఆ మొదటి శని ఆదివారాలకూ దీనికీ మధ్య నలభై ఏళ్ళు. జంట మాత్రం చెదరలేదు.

ఇదంతా పిల్లలిద్దరికీ చెప్పాను, మావాడికి తెలుగులో, వాడికి నా వంకర కన్నడంలో. స్టర్మ్ చావు దగ్గర ఇద్దరూ మాట్లాడలేదు. కాసేపటికి కన్నడ కుర్రాడు, "శవం కనిపించకుండా చేద్దామా?" అని రాజీకి వచ్చాడు. మావాడు ఆలోచించాడు. "వద్దు. చస్తే చావనీ. కానీ వాడెందుకు చచ్చాడో నేను వ్రాస్తాను. నువ్వు వ్రాయకూడదు" అన్నాడు.

నోటుపుస్తకం ఇప్పుడు మావాడి దగ్గర ఉంది. నాలుగు పేజీలు కొట్టేసి, ఐదో పేజీ వ్రాస్తున్నాడు. రెండోవాడు రోజుకు రెండుసార్లు వచ్చి, అయిందా అని గుమ్మంలోంచే అడిగి పోతున్నాడు.