ఆదివాసి కుంచెయు, కలమును

కొత్తపేటనుండి దిల్‌సుఖ్‌నగర్‌వరకు గల రాజమార్గమున ప్రకటన ఫలకము లేని గోడ యరుదు. ఈ ఫలకములకును, పెండ్లిపత్రికలకును, పుస్తకముల అట్టలకును రూపము దిద్దు పని నేడు కంప్యూటరుపై జరుగుచున్నది. ఈ వృత్తి నాశ్రయించి ఆదిలాబాదు సీమనుండి నగరమునకు వచ్చు గోండు యువకునకు మన మీయవలసినది జీతము మాత్రమేనా?

ఆదివాసి కళ యన్నంతనే నగరవాసికి గుస్సాడి నర్తకుల నెమలి పింఛముల కిరీటము జ్ఞప్తికి వచ్చును. ఉత్సవము వచ్చినచో దాని బొమ్మ గోడల కెక్కును. ఆ బొమ్మ వ్రాసిన దెవరు? దాని యర్థము వివరించిన దెవరు? తరచుగా ఈ రెండు స్థానములందును ఆదివాసి కానరాడు. మనకు అతని యలంకారము కావలెను, అభిప్రాయ మక్కరలేదు!

ఈ లోపము నేటిది కాదు. 1940లో కొమురం భీము జోడేఘాట్‌లో నేలకొరిగిన పిమ్మట నిజాం ప్రభుత్వము గోండుల స్థితిగతులను హైమెన్‌డార్ఫు పండితునిచే విచారింపజేసెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలయ్యెను. గోండీ వాచకములును వెలువడెను. మేలైన కార్యమే. కాని యా వాచకములు దేవనాగరి లిపిలో నచ్చయినవి. ఆ సీమయందే గుంజాల గ్రామమున గోండుల స్వంత లిపిలో వ్రాతప్రతు లున్న సంగతి 2006 ప్రాంతమున గాని పండితలోకమున కెక్కలేదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారు గ్రామవృద్ధుల సాయమున వాని పరిశోధనకు పూనుకొనిరి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో స్థానము పొందెను.

అంతటితో పని ముగిసినదని తలంపరాదు. పట్టికలో సంఖ్య దొరకినంతమాత్రమున అక్షరము ముద్రణకు సిద్ధము కాదు. ప్రతి యక్షరపు వంపును, మందమును, గుణింతపు కూర్పును ఒకరు గీయవలెను. బాలవాచకమునకు తగిన రూపమొకటి, పత్రికా శీర్షికకు తగినది మరియొకటి. అందలి తప్పొప్పులను చూచినంతనే పోల్చగల కన్ను ఆ భాషలో చదువుకొను వానిదే.

1957 నాటి కాపీరైటు చట్టపు 57వ సెక్షను కృతికర్తకు తన పేరు చెప్పుకొను హక్కు నిచ్చుచున్నది. కృతి నమ్ముకొన్నను ఆ హక్కు పోదు. కాని జాతి యంతయు తరతరములుగా కాపాడుకొన్న రూపములకు కర్త యొక్కడు లేడు. కావున ఆ చట్టము వానికి చాలదు. ఏ రూపము పూజకు చెందినదో, ఏది బజారున కెక్కవచ్చునో తెలిసి వ్రాయగల ఆదివాసి రచయితలే అచ్చట కావలివారు.

కళకు పుట్టుకతో పనియేమి, ఎవరు గీసిన నేమి యని కొందరు పెద్దలందురు. పరాయివారు మన చరిత్ర వ్రాసి మన కప్పగించినపుడు మన మేల రోషపడితిమి? ఆ రోషము మనకు న్యాయమైనచో, గోండునకు అన్యాయ మెట్లగును?

కావున మేము కోరునది స్వల్పము. గోండీ వాచకముల చిత్రరచనను, అక్షరరచనను గోండు యువకుల కప్పగింపుడు. వారి పేరు లట్టపై నచ్చొత్తింపుడు. వారి రూపములను ప్రకటనలకు వాడుకొను వర్తకులు తగిన మూల్యము చెల్లింతురుగాక. పత్రికాధిపతులు ఆదివాసి కళపై వ్యాసము కావలసినపుడు మొదట ఆదివాసి రచయితనే యడుగుదురుగాక.