వార్తల్లో పదం: వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐఈపీ)

వైకల్యమున్న ఒక్కో విద్యార్థికి విడిగా రాసే చదువుల పత్రమే ఐఈపీ. అమెరికాలో 1975 చట్టంతో ఇది తప్పనిసరైంది. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తెలంగాణలో సమగ్ర శిక్ష కింద వైకల్యమున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి.

ఐఈపీ రాసేటప్పుడు పిల్లవాడు ఇప్పుడేం చేయగలడో చూడటమే మొదటి పని. ‘లెక్కల్లో మెరుగుపడాలి’ అంటే అది లక్ష్యం కాదు. ‘మూడు నెలల్లో పది రూపాయలిచ్చి సరుకు కొని, చిల్లర సరిచూసుకోవాలి’ అనేది లక్ష్యం. ఎవరు నేర్పుతారు, ఎప్పుడు పరీక్షిస్తారు అనేవీ రాయాలి. అమ్మానాన్నలు కూర్చోకుండా రాసినది ఉత్త కాగితమే.

విమానాశ్రయం వచ్చాక హైదరాబాద్ శివారులోని శంషాబాద్ చుట్టుపక్కలకు పనికోసం వలస వచ్చే కుటుంబాలున్నాయి. అలాంటి కుటుంబంలోని బిడ్డ బడి మారితే పురోగతి మళ్లీ మొదటికి రాకూడదంటే ఈ పత్రం వెంట ఉండాలి.

ప్రాథమిక స్థాయిలో వైకల్యమున్న పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ప్రణాళిక ప్రతిని బడిలో అడిగి తీసుకోండి.