మెరైన్ అక్వేరియంలో పిలవని మెహమాన్లు.. చంపేముందు గుర్తుపట్టండి

షాపు నుంచి తెచ్చింది లైవ్ రాక్ ఒక్కటే. కొన్నాళ్లకే ఉప్పునీటి అక్వేరియంలో పురుగులు, రొయ్యలు, పువ్వుల్లాంటి జీవులు కనిపిస్తాయి. ఇవన్నీ రాయి రంధ్రాల్లో దాక్కుని వచ్చినవే. వీటిని హిచ్‌హైకర్లు అంటారు. అన్నీ చెడ్డవి కావు. ఏది ఏదో తెలియకుండా చెయ్యి పెడితేనే ముప్పు.

బ్రిసిల్ వార్మ్: ఒంటి నిండా సన్నని నూగు ఉన్న పురుగు. మిగిలిపోయిన మేత తిని ట్యాంకును శుభ్రం చేస్తుంది. చంపాల్సిన పని లేదు. విపరీతంగా పెరిగాయంటే మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. నూగు గుచ్చుకుంటే సెల్లోటేపుతో లాగేయాలి.

అయిప్టేసియా: గోధుమరంగు చిన్న పువ్వులా ఉండి, పగడాలను కుడుతుంది. గిల్లినా, గీకినా ఒక్కో ముక్క ఒక్కో కొత్త జీవి అవుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్దను సిరంజితో దాని నోటి మీద వేయాలి. ఇది సున్నమే అయినా పాన్‌దాన్‌లోది వాడొద్దు, అక్వేరియం కోసం అమ్మే పొడి తీసుకోవాలి. రోజుకు రెండు మూడింటికి మించి వేస్తే నీటి పీహెచ్ పెరిగిపోతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా వీటిని తింటాయి.

టక్ టక్ శబ్దం: పిస్టల్ రొయ్య అయితే పెద్దగా భయం లేదు. మాంటిస్ రొయ్య అయితే చేపలను, పీతలను చంపేస్తుంది. చేత్తో పట్టుకుంటే వేలు చీలుతుంది. అది దాక్కున్న రాయిని గ్లౌజులు వేసుకుని వేరే బకెట్లోకి మార్చాలి.

అన్నిటికంటే ప్రమాదం బొత్తాల గుత్తిలా ఉండే పాలిథోవా. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. దీనికి విరుగుడు మందు లేదు. పురుగులు చావాలని రాయిని మరిగిస్తే ఆ విషం ఆవిరితో పాటు ఇల్లంతా పాకుతుంది. 2018లో బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక కుటుంబం ట్యాంకు శుభ్రం చేస్తుండగా ఈ విషం బయటపడింది. ఇంట్లోవాళ్లతో పాటు సాయానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా ఆస్పత్రి పాలయ్యారు.

అందుకే రాయిని మరిగించొద్దు, బ్రష్‌తో రుద్దొద్దు. ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలను దూరంగా ఉంచాలి. ఆ తర్వాత జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లి, అక్వేరియం సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

కొత్త రాయిని కొన్ని వారాలు వేరే ఉప్పునీటి టబ్బులో ఉంచి, రాత్రిపూట టార్చి వేసి చూడండి. దాక్కున్నవి చాలావరకు అప్పుడే బయటికొస్తాయి. ఫొటో తీసి తెలిసినవాళ్లకు చూపించాకే ఏం చేయాలో తేల్చుకోండి.