వల చింపింది నీరుకుక్కేనా? ఆనవాళ్లు చూడండి

సాయంత్రం వల కట్టి, తెల్లారి పోయి చూస్తే వల చినిగి ఉంటుంది. చేపల తలకాయలు, పొలుసులు మాత్రం గట్టున పడుంటాయి. ‘నీరుకుక్క పడిందిరా’ అంటారు. మందు పెడదామా, కరెంటు తీగ లాగుదామా అనే ఆలోచన వెంటనే వస్తుంది. రైతు సోదరులారా, తొందరపడకండి.

నీరుకుక్క అంటాం గానీ ఇది కుక్కా కాదు, ముంగిసా కాదు. 7 నుంచి 11 కిలోలు తూగుతుంది. నున్నటి బొచ్చు, పొట్టి కాళ్లు, వేళ్ల మధ్య బాతుకున్నట్టే పొర, చదునైన తోక ఉంటాయి. కృష్ణానదిలోను, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోను ఉంటుంది. మన నల్లమల కూడా దానికి అనువైన చోటే.

గుండ్లకమ్మ మడుగుల్లో గాని, కంభం చెరువులో గాని అనుమానం వస్తే ముందు అడుగులు చూడండి. కుక్క అడుగులో నాలుగు వేళ్లు పడతాయి, దీనికి ఐదు. రెట్ట కూడా ఎక్కడపడితే అక్కడ వేయదు. గుంపంతా ఒకే బండ మీదో, ఇసుక మీదో వేస్తాయి. అందులో చేప ముళ్లు, పొలుసులు కనబడతాయి, నీచు వాసన కొడుతుంది. బావురుపిల్లి కూడా చేపలు పడుతుంది గానీ అది ఒంటరిగా తిరుగుతుంది. నీరుకుక్కలు ఆలుబిడ్డలతో కలిసి చేపల్ని తరుముతాయి. బంగ్లాదేశ్‌లోని నడాయిల్ ప్రాంత జాలర్లు వీటిని మచ్చిక చేసి, చేపల్ని వలలోకి తోలించుకుంటారు! మనకేమో అదే పగ.

ఒకటి రోజుకు సుమారు కిలో చేపలు తింటుంది. నష్టం లేదని చెప్పను. అయితే కప్పలు, ఎలుకలు, ఎండ్రకాయలు కూడా దాని తిండే. వరిమడి గట్లకు బొక్కలు పెట్టేది ఆ ఎండ్రకాయలే కదా.

గట్టున చెట్ల వేళ్ల కింద, రాళ్ల సందుల్లో బొరియ చేసుకుంటుంది. రెండు నెలలు మోసి, ఐదు పిల్లల దాకా పెడుతుంది. ఇసుక తవ్వి గట్టు కూల్చితే దానికి ఇల్లుండదు.

నీళ్లలో మందు కలిపితే చచ్చేది అదొక్కటే కాదు. ఆ నీళ్లు తాగిన గొర్రెలు, బర్రెలు కూడా పోతాయి. కరెంటు తీగకు మనిషే బలైపోవచ్చు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని చంపడం నేరం.

వలలో చేపల్ని రాత్రంతా ఉంచకండి, చీకటి పడకముందే తీసేయండి. సొంత కుంట ఉన్నవాళ్లు చుట్టూ గట్టి ఇనుప జాలీ కట్టి, అడుగు భాగాన్ని బయటివైపు వంచి మట్టిలో పూడ్చండి. లేకపోతే కింద నుంచి తవ్వుకుని వస్తుంది. అప్పటికీ ఆగకపోతే అటవీశాఖ వాళ్లకు చెప్పండి.