ఓవెన్‌కూ పాళీ కట్టారు

షోలాపూర్ పూర్వ భాగంలో పొద్దున చాయ్‌లో ముంచుకోవడానికి ఖారీయో, టోస్టో, జీరా బటరో లేని ఇల్లు తక్కువ. బీడీ కార్ఖానాకు పోయే అక్కల డబ్బాలో అవే, చద్దర్ల మగ్గం దగ్గర నిలబడే అన్నల జేబులో అవే. ఆ సరుకు తయారయ్యే ఒక చిన్న బేకరీ కథ ఇది. భార్యాభర్తలు, ముసలి తండ్రి, ఇద్దరు పనివాళ్ళు, అంతే. "పేర్లు వద్దు, పని రాయండి" అన్నారు. అందుకని పనే రాస్తున్నాను.

ఆ తండ్రి మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో పనిచేసిన మనిషి. మిల్లు మూతపడ్డాక చేతికొచ్చిన నాలుగు రాళ్ళతో కట్టెల భట్టీ ఉన్న బేకరీ ఒకటి పట్టుకున్నాడు. తర్వాత చుట్టూ ఇళ్ళు లేచాయి, పొగ అని గొడవలొచ్చాయి. కొడుకు అప్పు చేసి కరెంటు ఓవెన్ తెచ్చాడు. పొగ పోయింది, బిల్లు వచ్చింది. ఎండాకాలంలో ఒక నెల బిల్లు 28 వేలు దాటింది. ఓవెన్ అప్పు కిస్తీ వేరే. మైదా బస్తా, డాల్డా డబ్బా ధరలు మన చేతిలో లేవు. పావు ధర ఒక్క రూపాయి పెంచితే గిరాకీ పక్క వీధికి పోతుంది. "ఓవెన్ అమ్మేసి భివండి పోదామా" అనేదాకా వచ్చింది మాట.

అప్పుడు వదినె ఒక నోటు పుస్తకం తీసింది. పెళ్ళికి ముందు బీడీలు చుట్టిన చేయి ఆమెది. వెయ్యి బీడీలకు ఎంత ఆకు, ఎంత తంబాకు అని లెక్క కట్టడం చిన్నప్పటి అలవాటు. వారం రోజులు గంట గంటకూ మీటరు చూసి అంకె రాసింది. పక్కనే ఆ గంటలో ఓవెన్‌లో ఏముందో రాసింది. వారం తిరిగేసరికి సంగతి బయటపడింది. ఓవెన్ రోజుకు 14 గంటలు వేడిగా ఉంటోంది. అందులో సరుకు కాలేది 8 గంటలే.

"మా నాయిన మిల్లుల ఎనిమిది గంటల పాళీ జేసిండు. ఈ ఓవెను పద్నాలుగు గంటలు నిలబడ్తుంది. పని ఎనిమిది గంటలదే, జీతం మటుకు పద్నాలుగు గంటలది కడుతున్నం" అంది ఆమె.

మూడు కంతలు

మొదటి కంత, ఓవెన్‌ను మళ్ళీ మళ్ళీ చల్లార్చి వేడి చేయడం. వాళ్ళ ఓవెన్ 12 కిలోవాట్లది. ఒక కిలోవాటు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. చల్లటి ఓవెన్ వేడెక్కడానికి 40 నిమిషాలు పడితే, ఒక్క పావు కూడా కాలకముందే 8 యూనిట్లు పోయినట్టే. రాత్రి ఒకసారి, పగలు ఒకసారి, సాయంత్రం ఒకసారి, అట్లా రోజుకు మూడుసార్లు వేడి చేసేవాళ్ళు.

రెండోది, ఖాళీ ఓవెన్. పిండి పొంగలేదనో, పనివాడు రాలేదనో ఓవెన్‌ను వేడిగా ఉంచి ఎదురుచూసేవాళ్ళు. లోపల ఏమీ లేకున్నా ఆ వేడి నిలబెట్టడానికి ఓవెన్ కరెంటు లాగుతూనే ఉంటుంది. వదినె లెక్కలో అది గంటకు 3 యూనిట్ల దగ్గర తేలింది.

మూడోది, అన్నీ ఒక్కసారి మొదలుపెట్టడం. ఓవెన్ 12 కిలోవాట్లు, రెండు హార్స్‌పవర్ పిండి మిక్సరు ఒకటిన్నర, పొంగించే పెట్టె రెండు, పైన ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు. వాళ్ళకు మంజూరైన లోడు 15 కిలోవాట్లు. అన్నీ కలిసి నడిస్తే అది దాటుతుంది. డిమాండు రాసుకునే మీటరు ఉన్నచోట, నెల మొత్తంలో కొద్దిసేపు ఎక్కువ లాగినా ఆ పెద్ద అంకె బిల్లులోకి ఎక్కుతుంది. వాళ్ళ బిల్లులో ప్రతి నెలా ఒక అదనపు వరస ఉండేది. అదేమిటని ఎవరూ అడగలేదు.

భట్టీ నాటి ఇగురం

నోటు పుస్తకం చూపిస్తే ముసలాయన నవ్వాడట. "భట్టీ ఉన్నప్పుడు కట్టె ఒక్కసారే ఏస్తుంటిమి. వేడి దిగినకొద్ది ఒక్కొక్క సరుకు ఎక్కిస్తుంటిమి. ముందు పావు, ఎన్కకు ఖారీ, అటెన్క నానకటాయి. ఆఖరుకు టోస్టు పెట్టి మూత ఏసి పండుకుంటే తెల్లారేసరికి ఎండుతుండె. స్విచ్చి వచ్చినంక ఆ ఇగురం పోయింది" అన్నాడు.

ఆయన మాటే అసలు సూత్రం. పావుకు 220 డిగ్రీల దగ్గర వేడి కావాలి. ఖారీకి 200 చాలు, నానకటాయికి 160. టోస్టు అంటే నిన్నటి బ్రెడ్డు ముక్కలను ఎండబెట్టడమే, దానికి ఇంకా తక్కువ వేడి సరిపోతుంది. ఎక్కువ వేడి సరుకు నుంచి తక్కువ వేడి సరుకుకు దిగుతూ పోతే ఓవెన్‌ను మళ్ళీ ఎగదోయాల్సిన పని లేదు. పొద్దున నానకటాయి చేసి మధ్యాహ్నం పావు పెడితే, దిగిన వేడిని మళ్ళీ కొనుక్కోవాలి.

రెండు పాళీలు

ఇప్పుడు వాళ్ళ ఓవెన్‌కు రెండు పాళీలు. గోడ మీద చాక్‌పీసుతో రాసి ఉన్నాయి.

మొదటి పాళీ తెల్లవారుజాము 3 నుంచి 6 దాకా. మిక్సరు పని ఒంటి గంటన్నరకే మొదలై ముగుస్తుంది. పిండి పొంగు మీదికి వచ్చాకే ఓవెన్ స్విచ్. పావు, బన్ను, బ్రెడ్డు వరసగా కాలుతాయి. 6 కొట్టగానే స్విచ్ బంద్. నిన్నటి బ్రెడ్డు ముక్కలు లోపల పెట్టి తలుపు మూస్తారు. మిగిలిన వేడి మీదే అవి సగం ఎండుతాయి.

రెండో పాళీ 9 నుంచి పన్నెండున్నర దాకా. ఓవెన్ పూర్తిగా చల్లారి ఉండదు కాబట్టి తొందరగా అందుకుంటుంది. ఖారీ, జీరా బటరు, నానకటాయి, చివర మళ్ళీ టోస్టు. సాయంత్రం ఓవెన్ ముట్టరు.

మూడు వేడిలు రెండయ్యాయి. రోజుకు 8 యూనిట్లు మిగిలాయి. ఖాళీగా నడిచే గంటలు నాలుగు తగ్గితే ఇంకో 12. రోజుకు 20 యూనిట్లు, 26 రోజులకు 520. అన్నీ కలిపి యూనిట్ 10 రూపాయలనుకుంటే 5,200 రూపాయలు. మంజూరు లోడు దాటిన అదనపు వరస కూడా బిల్లులోంచి పోయింది.

రాత్రి కరెంటు సస్తా అనే మాట

రెండో పాళీ 9కే ఎందుకు? ఇక్కడ మనవాళ్ళందరూ తెలుసుకోవాల్సిన మార్పు ఒకటి ఉంది. రాత్రి కరెంటు సస్తా అని మనకు పాత నమ్మకం. మహారాష్ట్రలో వేళను బట్టి రేటు ఉన్న పరిశ్రమలకు ఏళ్ళ తరబడి రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాయితీ ఉండింది, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఇప్పుడు ఎండతో తయారయ్యే కరెంటు పెరిగింది. పగలు కరెంటు దండిగా ఉంటుంది, పొద్దు గూకాక కొరత పడుతుంది.

అందుకే కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో నియమాలు మార్చింది. రోజులో 8 గంటలు సౌర వేళ. ఆ వేళ రేటు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. గిరాకీ ఎక్కువున్న వేళ వ్యాపారాలకు, పరిశ్రమలకు కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలి. 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమ కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 కల్లా, వ్యవసాయం తప్ప మిగతావాళ్ళకు 2025 ఏప్రిల్ 1 కల్లా ఇది రావాలన్నారు. ఏ గంట నుంచి ఏ గంటకు, ఎంత రేటు అనేది ప్రతి రాష్ట్రంలో కరెంటు నియంత్రణ కమిషన్ ఖాయం చేస్తుంది, అప్పుడప్పుడు మారుస్తుంది కూడా. కాబట్టి పక్కింటివాడి మాట కాదు, మీ బిల్లు మీది పట్టీ చూడండి. పావు తెల్లారి కావాల్సిందే, దాన్ని జరపలేం. ఖారీ, టోస్టు నాలుగు రోజులు నిలవుండేవి. జరపగలిగిందాన్ని సౌర వేళకు జరపడమే వీళ్ళు చేసింది.

ఒంటి బిల్లు

ఇదంతా ఉత్త లాభమే అనుకోవద్దు. మొదట రెండో పాళీని 11 నుంచి 3 దాకా పెట్టారు. షోలాపూర్ మే నెల ఎండ, పక్కన ఓవెన్. మూడో రోజు వదినె కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. "కరెంటు బిల్లు తగ్గింది సరే, నా ఒంటి బిల్లు ఎవరు కడతరు?" అని అడిగింది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. పాళీని 9కి జరిపారు. వెనక గోడకు గాలి బయటికి తోసే ఫ్యాను పెట్టారు. ఆ ఫ్యాను కరెంటు మాత్రం ఎవరూ లెక్క చూడరు. తెల్లవారుజాము పాళీ చేసినవాళ్ళు 6 తర్వాత నిద్రపోవాలి, రెండో పాళీకి వేరేవాళ్ళు రావాలి అని కూడా ఖాయం చేశారు. సాయంత్రం వేడి పావు అడిగే గిరాకీ కొంత పోయింది, అదీ నిజమే.

అయినా పోయిన నెల బిల్లు 22 వేల చిల్లర వచ్చింది. భివండి మాట ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

మీరు చేయగలిగింది

బేకరీ కానక్కర లేదు. పిండి గిర్నీ, మిర్చి గిర్నీ, ఇస్త్రీ దుకాణం, ఇంట్లో నడిపే మగ్గం, దేనికైనా ఇదే పద్ధతి.

ఒక వారం మీటరు అంకె, ఆ గంటలో జరిగిన పని పక్కపక్కన రాయండి. యంత్రం నడిచిన గంటలు, పని జరిగిన గంటలు వేరువేరుగా కూడండి. బిల్లు మీద మీ కేటగిరీ ఏదో చూడండి. మన రాష్ట్రంలో పవర్‌లూమ్‌కు వేరే కేటగిరీ ఉంది. తయారీ పనికీ, అమ్మే దుకాణానికీ రేటు తేడా ఉండవచ్చు. తప్పు పడితే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మంజూరైన లోడు ఎంత, నెలలో మీరు లాగింది ఎంత అనేది కూడా చూడండి. వేళను బట్టి రేటు మీ మీటరుకు ఇంకా రాకపోతే పగలుకు జరిపినందువల్ల రేటు తగ్గదు, కానీ ఖాళీ గంటలు తగ్గిస్తే యూనిట్లు ఎవరికైనా తగ్గుతాయి.

నేను వెళ్ళిన రోజు పన్నెండున్నర అయింది. ముసలాయన గడియారం చూసి, స్విచ్ తానే తీశాడు. "పాళీ సుటి" అని కేక వేశాడు. లోపల టోస్టు ఎండుతూనే ఉంది.