శంషాబాద్ నుంచి జిద్దా: ఆకాశంలో మీఖాత్

హజ్‌కు గాని ఉమ్రాకు గాని బయలుదేరే సోదర సోదరీమణులు తరచుగా మమ్మల్ని అడిగే ప్రశ్న: “ప్రయాణం ఎన్ని గంటలు?” హైదరాబాదులోని శంషాబాద్ విమానాశ్రయం నుంచి జిద్దాకు ఆకాశమార్గాన తిన్నగా కొలిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానం దాదాపు ఆరు గంటల్లో చేరుస్తుంది. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి తోడవుతుంది గనుక సాధారణంగా సమయం కొంత తగ్గుతుంది. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 10 గంటలకు బయలుదేరి ఆరు గంటలు ప్రయాణించినవారికి అక్కడ మధ్యాహ్నం 1:30 అవుతుంది. ఇంట్లో ఫోను కోసం ఎదురుచూసేవారికి అప్పటికి సాయంత్రం 4.

అయితే నేరుగా మక్కాకు వెళ్ళే యాత్రికునికి ఇంతకంటే ముఖ్యమైన ఘడియ ఒకటి ఉంది. అది విమానం నేల దిగకముందే దాటిపోతుంది. అదే మీఖాత్.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాకు వచ్చే దారుల్లో మీఖాత్‌లను నిర్ణయించారు. హజ్, ఉమ్రాల సంకల్పం గలవారు ఇహ్రామ్ లేకుండా ఆ హద్దును దాటరాదు. పూర్వం మనవారు ముంబయి నుంచి ఓడలో వెళ్ళేవారు. ఆ ఓడ ప్రయాణాలు 1995లో ఆగిపోయాయి. ఓడవారికి యలమ్‌లమ్ సమీపించే వేళకు స్నానం చేసి, ఇహ్రామ్ ధరించే తీరిక ఉండేది. విమానానికి ఆ తీరిక లేదు. గంటకు 850 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 14 కిలోమీటర్లు. తూర్పు నుంచి వచ్చే విమానాలు సాధారణంగా తాయిఫ్ వైపున ఉన్న ఖర్నుల్ మనాజిల్ హద్దును దాటి జిద్దాకు దిగుతాయి. ఆ స్థలానికీ జిద్దా విమానాశ్రయానికీ మధ్య దూరం సుమారు 130 కిలోమీటర్లు మాత్రమే. ప్రకటన విన్నాక లేచి, మరుగుదొడ్డి వద్ద వరుసలో నిలిచేసరికే హద్దు వెనుకబడవచ్చు.

“జిద్దాలో దిగి కట్టుకుందాం” అనుకోవడం సరికాదు. అధిక సంఖ్యాక పండితుల దృష్టిలో జిద్దా మీఖాత్‌కు లోపలి వైపున ఉంది. ఇహ్రామ్ లేకుండా దాటినవారు వెనుదిరిగి మీఖాత్‌కు వెళ్ళి ఇహ్రామ్ వహించాలి. లేనిచో దమ్, అనగా ఒక జంతుబలి, విధి అవుతుంది.

కనుక మా సలహా ఇది. పురుషులు ఇంటివద్దనో విమానాశ్రయంలోనో ఇహ్రామ్ వస్త్రాలు ధరించాలి. వాటిని సామానుతో విమానం అడుగుకు పంపరాదు. స్త్రీలకు ప్రత్యేక వస్త్రం లేదు. నియ్యత్, తల్బియా చాలు. దిగడానికి గంట ముందే నియ్యత్ చేసి తల్బియా పలికితే సందేహానికి తావుండదు. నిద్ర పట్టేస్తుందని భయపడే వృద్ధులు విమానం ఎక్కగానే చేసుకోవచ్చు. నియ్యత్ తరువాత విమానంలో ఇచ్చే సువాసన కాగితపు రుమాళ్ళను ముట్టకండి. ముందుగా మదీనా వెళ్ళేవారికి ఈ తొందర లేదు. వారు మదీనా నుంచి మక్కాకు బయలుదేరినప్పుడు జుల్‌హులైఫా వద్ద ఇహ్రామ్ వహిస్తారు.

ఇంట్లోని పెద్దలను సాగనంపే బిడ్డలు టికెట్టుపై దిగే వేళ చూసి, దానికి గంట ముందరి సమయాన్ని సౌదీ గడియారం ప్రకారం ఒక చీటీపై రాసి వారి చేతికివ్వండి. అల్లాహ్ వారి ప్రయాణాన్ని సులభతరం చేసి, ఆరాధనను స్వీకరించుగాక. ఆమీన్.