డిస్క్ గోల్ఫ్: కళాశాల ఆవరణలో తొలి ఆట

లక్ష్యాలు
ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత మీరు:
• డిస్క్ గోల్ఫ్ ప్రాథమిక నియమాలను వివరించగలుగుతారు.
• మీ అధ్యయన కేంద్రం ఆవరణలో సురక్షితమైన ఆటస్థలాన్ని గుర్తించగలుగుతారు.
• స్కోరు లెక్కించగలుగుతారు.

4.1 పరిచయం
గోల్ఫ్ అనగానే ఖరీదైన క్లబ్బు, ఎకరాలకొద్దీ పచ్చిక గుర్తుకువస్తాయి. డిస్క్ గోల్ఫ్‌కు అవేవీ అక్కరలేదు. పళ్లెం ఆకారంలో ఉండే ప్లాస్టిక్ డిస్కును చేత్తో విసురుతూ, వీలైనన్ని తక్కువ విసుర్లలో గమ్యాన్ని చేరడమే ఈ ఆట.

వామ్-ఓ కంపెనీ 1957లో ఎగిరే డిస్కులను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో శాశ్వత ఆటస్థలాన్ని రూపొందించాడు. మొదట అక్కడ గమ్యాలు ఉత్త స్తంభాలే. డిస్కు తగిలిందా, లేదా అన్న వాదన తీరాలంటే కంటికి కనిపించే రుజువు కావాలి. గొలుసులు వేలాడే ఇనుప బుట్ట అందుకు పనికొచ్చింది. డిస్కు గొలుసులకు తగిలి వేగం తగ్గి బుట్టలో పడుతుంది. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ ఏర్పడింది.

4.2 ఆటస్థలం ఏర్పాటు
బి.కొత్తకోటలో ఒక కళాశాల ఆవరణను ఊహించుకోండి. ఆదివారం తరగతులు ముగిశాయి. ఇనుప బుట్టలు లేవు. మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు మోసే ప్లాస్టిక్ క్రేటును స్టూలు మీద పెడితే గమ్యం సిద్ధం. చెట్లను గమ్యాలుగా పెట్టుకోకండి. పదేపదే దెబ్బ తగిలితే బెరడు చెడుతుంది.

కొత్తవారికి ఒక్కో గమ్యం 40 నుంచి 70 మీటర్ల దూరంలో ఉంటే చాలు. తొమ్మిది గమ్యాలు పెట్టుకోండి. విసిరే చోటి నుంచి గమ్యం స్పష్టంగా కనిపించాలి. విసురు మార్గం నడకదారిని, సైకిల్ స్టాండును, కిటికీలను దాటకూడదు. ఆవరణ అందరిదీ. కాబట్టి ఎదురుగా ఎవరైనా వస్తే వారు దాటేవరకు ఆగడం ఆటలో మొదటి నియమం. ముందుగా కళాశాల అనుమతి తీసుకోండి.

4.3 విసరడం
బొటనవేలు డిస్కు పైన, మిగతా వేళ్లు అంచు కింద ఉంచండి. చేతిని ఛాతీ మీదుగా వెనక్కి తీసుకెళ్లి, ముందుకు లాగుతూ చివర మణికట్టును విదిలించండి. ఆ విదిలింపే డిస్కును తిప్పుతుంది. తిరుగుతున్న బొంగరం ఎలా నిలబడుతుందో, తిరుగుతున్న డిస్కు కూడా అలాగే ఒరిగిపోకుండా సాగుతుంది.

కుడిచేత్తో ఇలా విసిరితే వేగం తగ్గేకొద్దీ డిస్కు ఎడమకు ఒరుగుతుంది. అందువల్ల గమ్యానికి కాస్త కుడివైపు గురిపెట్టాలి. ముందు అంచు పైకి లేస్తే డిస్కు గాలిలోకి లేచి దగ్గరలోనే పడిపోతుంది. హార్సిలీ కొండల దాపున ఉన్న ఊరు కాబట్టి గాలిని ముందే గమనించండి. ఎదురుగాలి డిస్కును పైకి లేపుతుంది. వెనుక గాలి త్వరగా కిందికి దించుతుంది. మొదట్లో దూరం కోసం బలంగా విసరడం కన్నా, దగ్గరకు తిన్నగా విసరడం సాధన చేయండి.

4.4 నియమాలు, స్కోరు
డిస్కు ఆగిన చోటి నుంచే తర్వాతి విసురు. గమ్యానికి ఎక్కువ దూరంలో ఉన్నవారు ముందు విసరాలి. హద్దు దాటితే ఒక విసురు అదనంగా కలుపుతారు. సాధారణంగా రెఫరీ ఉండడు. ఎవరి లెక్క వారు నిజాయితీగా చెప్పాలి, తోటివారు సరిచూడాలి.

ఉదాహరణ: ప్రతి గమ్యానికి ప్రామాణిక విసుర్లు 3 అనుకుందాం. తొమ్మిదికి 27. మీ విసుర్లు 4, 3, 5, 4, 3, 4, 3, 4, 5 అయితే మొత్తం 35. అంటే ప్రామాణికం కన్నా 8 ఎక్కువ. తక్కువ విసుర్లు వేసినవారే విజేత. తొలిరోజున 35 నిరాశ పడాల్సిన స్కోరేమీ కాదు. దాన్ని రాసిపెట్టుకోండి; వచ్చే ఆదివారం మీ పోటీ దానితోనే.

4.5 సారాంశం
డిస్క్ గోల్ఫ్‌కు ఒక డిస్కు, కొంత ఖాళీ స్థలం, ఇతరుల పట్ల జాగ్రత్త చాలు. జట్టు కుదరకపోయినా ఒంటరిగా ఆడవచ్చు. ఉద్యోగం, సేద్యం, చదువు మధ్య మైదానానికి దూరమైన దూరవిద్య విద్యార్థికి ఇది అందుబాటులో ఉండే వ్యాయామం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
1. స్తంభాల స్థానంలో గొలుసుల బుట్ట ఎందుకు మెరుగైనది?
2. కుడిచేత్తో విసిరేవారు గమ్యానికి ఏ వైపు గురిపెట్టాలి? ఎందుకు?
3. మీ అధ్యయన కేంద్రం పటం గీసి, తొమ్మిది గమ్యాలు గుర్తించండి. నడకదారులను వేరుగా చూపండి.